దస్త్రాల గది తాళానికి కొత్త కమాను

కోనసీమలోని మా ఊరి ఇల్లు పాత మండువా లోగిలి. వీధి అరుగును ఆనుకుని ఉన్న గదిని మేము ఇప్పటికీ దస్త్రాల గది అనే పిలుస్తాము. మా తాతగారు కరణంగా ఉన్న రోజుల్లో అడంగళ్ళు, శిస్తు లెక్కలు అన్నీ ఆ గదిలోనే ఉండేవి. 1984లో కరణీకాలు రద్దయిన తరువాత దస్త్రాలు వెళ్ళిపోయాయి కాని, వాటి రక్షణ కోసం తలుపుకు బిగించిన తాళం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇంట్లోని మిగతా తలుపులన్నిటికీ గొలుసు గొళ్ళేలూ అడ్డగడియలూ ఉండగా, ఈ ఒక్క తలుపుకే లోపలివైపు ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల ఎత్తు ఉన్న ఇనుప పెట్టె తాళం, దానికి రెండు వైపులా గుండ్రని ఇత్తడి పిడులు ఉంటాయి. పెట్టె అంచున ఉన్న ఇత్తడి బిళ్ళ మీద ‘ఇంగ్లండ్’ అన్న మాట ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉంది. దాని పక్కనున్న పేరు మాత్రం మూడు తరాల చేతులు తగిలి అరిగిపోయింది.

గత సంక్రాంతికి నాలుగు రోజుల ముందు అమ్మ ఫోను చేసి, "ఒరేయ్, ఆ గది తలుపు మూస్తే పడటం లేదురా, గాలికి దానంతటదే తెరుచుకుంటోంది. రాత్రి పిల్లి దూరి పాలగిన్నె బోర్లించింది" అని చెప్పింది. నేను వెళ్ళి చూసేసరికి పిడి చేతిలో నీరసంగా వేలాడుతోంది. తిప్పితే తిరుగుతోంది కాని, వదిలిన తరువాత తన చోటికి తిరిగి రావడం లేదు. తలుపు మూసినప్పుడు ద్వారబంధానికి ఉన్న ఇనుప గూటిలోకి జారి పట్టుకునే ఏటవాలు ముక్కను మా ఇంట్లో తాళం నాలుక అంటారు. ఆ నాలుకను వేలితో నొక్కితే లోపలికి వెళ్ళి అక్కడే ఉండిపోతోంది. తాళంచెవితో తిప్పే గడియ మాత్రం ఎప్పటిలాగే సాఫీగా కదులుతోంది. అంటే చెడినది తాళం కాదు, నాలుకను బయటికి తోసే కమాను అని తలుపు దగ్గరే అర్థమైంది. లారీల కింద ఉండే పట్టీలను మా వైపు కమాన్లు అంటారు కాబట్టి, తాళంలోని ఈ చిన్న రేకు స్ప్రింగును కూడా నేను అదే పేరుతో పిలుస్తున్నాను.

పాత తాళం విప్పేటప్పుడు అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసింది స్క్రూల సంగతి. ఆ కాలపు స్క్రూల తలమీద గాడి చాలా సన్నగా ఉంటుంది. ఈనాటి స్క్రూడ్రైవరు మొన అందులో దిగదు, బలవంతం చేస్తే గాడి అంచు చిట్లుతుంది, ఆపై దానిని బయటికి తీయడానికి బెజ్జం వేయడం తప్ప మరో దారి ఉండదు. నేను ఒక పాత స్క్రూడ్రైవరు మొనను ఆకురాయితో గాడికి సరిపడేంత పలుచగా అరగదీసి, ముందురోజు రాత్రి ప్రతి స్క్రూ చుట్టూ రెండేసి చుక్కల కిరసనాయిలు వేసి, తెల్లవారాక విప్పాను. తలుపు నుండి నాలుగు, పెట్టె మూత నుండి మూడు వచ్చాయి. వాటిని ఒక అట్టముక్క మీద పెట్టె బొమ్మ గీసి, ఏ చోటిది ఆ చోట గుచ్చి ఉంచాను. చూడడానికి అన్నీ ఒక్కలాగే ఉన్నా, ఒక చోటి స్క్రూ మరో చోట మూడు చుట్ల తరువాత బిగుసుకుపోయింది.

మూత ఎత్తేటప్పుడు దాని మీద ఒక తుండుగుడ్డ కప్పి, బొటనవేలితో నొక్కి పట్టుకుని, ఒక అంచు నుండి మెల్లగా లేపాలి. నొక్కుకుని ఉన్న కమాను మూత తొలగగానే ఎగిరి కంటికి తగలవచ్చు, లేదా మండువాలో ఏ మూలకో పోయి మళ్ళీ దొరక్కపోవచ్చు. మా తాళంలో ఆ ప్రమాదం ఎలాగూ లేదు. ఎగరవలసినది అప్పటికే రెండు ముక్కలై పడి ఉంది. కాని లోపల నేను ఊహించనివి రెండు కనిపించాయి. మొదటిది, పెట్టె అడుగంతా పేరుకున్న నల్లటి జిడ్డు. మా వైపు కిర్రుమన్న ప్రతి వస్తువుకూ కొబ్బరి నూనె వేయడం అలవాటు. ఆ నూనె ధనుర్మాసపు చలికి గడ్డకడుతుంది, ఎండ రాగానే కరుగుతుంది, కరిగిన ప్రతిసారీ దుమ్మును, ఇనుప రజనును తనలో కలుపుకుంటుంది. రెండవది, విరిగిన కమాను పక్కన నాలుగు మడతలు పెట్టి దూర్చిన సైకిలు ట్యూబు ముక్క. కమాను సత్తువ తగ్గడం ఎవరో ఎప్పుడో గమనించి, దాని రెండు రెక్కల మధ్య రబ్బరు ఇరికించి కొంతకాలం పని జరిపించారు. ఆ రబ్బరు ఇప్పుడు ఎండిన తాటి పీచులా గట్టిగా ఉంది. తాతగారి పనే అయి ఉంటుందని అమ్మ అంది. ఆయనకు సైకిలు ఉండేది, తాళాలు విప్పే ఓపిక కూడా ఉండేది.

పెట్టె లోపల ఏముందో ఒకసారి చెప్పడం అవసరం. మధ్యలో, పిడుల చదరపు కడ్డీ దూరే రంధ్రంతో ఒక ఇరుసు ముక్క ఉంటుంది; దాని పై కొస నాలుక తోకకు తగులుతూ ఉంటుంది. పిడి తిప్పగానే ఇరుసు నాలుకను వెనక్కి లాగుతుంది. ఆ లాగుడుకు, ముళ్ళు తీసే పట్టకారులా మడతపడి ఉన్న రేకు కమాను రెక్కలు దగ్గరికి నొక్కుకుంటాయి. ఒక రెక్క పెట్టె గోడకు ఆని ఉంటే, రెండవది నాలుక తోకను తోస్తూ ఉంటుంది. చేయి వదలగానే రెక్కలు విచ్చుకుని నాలుకను బయటికి పంపుతాయి. ఆ నాలుకతోపాటు ఇరుసూ, ఇరుసుతోపాటు పిడీ తమ స్థానానికి వస్తాయి. అంటే ఇన్ని భాగాలను తిరిగి తమ చోట నిలబెట్టే పని ఈ ఒక్క రేకు ముక్కదే.

దాని కిందుగా, తాళంచెవి తిరిగే చోట, మూడు ఇత్తడి లీవర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ప్రతి లీవరు వెనుకా గడ్డిపోచంత ఉక్కు కమాను దానిని కిందికి నొక్కి పట్టుకుంటుంది. తాళంచెవి పళ్ళు ఒక్కొక్క లీవరును దానికి తగిన ఎత్తుకు లేపితేనే గడియకున్న మేకు వాటి మధ్యనున్న కిటికీల గుండా దాటుతుంది. ఎక్కువ లేపినా, తక్కువ లేపినా దాటదు. ఈ ఏర్పాటుకు లండనులో రాబర్ట్ బారన్ 1778లో పేటెంటు పొందాడు. అంతకుముందు తాళాల్లో ఒకే మీట ఉండి, దానిని ఎంత ఎత్తు లేపినా గడియ కదిలేది. బారన్ ఆలోచనలో కొత్తదనమంతా లీవర్ల కిటికీల్లోనే ఉందని పుస్తకాలు చెబుతాయి కాని, పెట్టె విప్పి చూసిన వారికి మరొకటి కూడా కనిపిస్తుంది. లేచిన లీవరును నమ్మకంగా కిందికి దించే కమాను లేకపోతే ఆ కిటికీల లెక్క ఒక్కరోజు కూడా నిలవదు. మా తాళంలో ఆ మూడు చిన్న కమాన్లూ క్షేమంగా ఉన్నాయి. పెద్దదే విరిగింది.

నేను ఉద్యోగం చేసే నగరంలో ఒక తాళాల దుకాణానికి దాని ఫోటోలు పంపితే, "ఇలాంటివి ఇప్పుడు దొరకవు సార్, పీకి పారేసి కొత్తది వేయించుకోండి" అన్న జవాబు పావుగంటలో వచ్చింది. వారిది వ్యాపారం, తప్పు పట్టలేను. అయితే కొత్త తాళం వేయాలంటే బర్మా టేకు తలుపుకు కొత్తగా బెజ్జాలు వేయాలి, పాత బెజ్జాలు పూడ్చాలి, ద్వారబంధం మీది ఇనుప గూడు పీకాలి. వేలెడు రేకు ముక్క కోసం నూరేళ్ళ కొయ్యను గాయపరచడం నాకు నచ్చలేదు. కమాన్లతో వచ్చే ఈ చిక్కు తాళాలు చేసేవారికి తెలియనిది కాదు. 1897లో బొంబాయిలో తాళాల తయారీ మొదలుపెట్టిన అర్దెషిర్ గోద్రెజ్ తరువాత కొన్నేళ్ళకు, లీవర్లకు స్ప్రింగులే లేని తాళాన్ని రూపొందించడం వెనుక ఉన్నది ఇదే ఆలోచన. స్ప్రింగు లేకపోతే విరిగేదీ ఉండదు. కాని అది లీవర్లకు చెల్లుతుంది. తలుపు మూయగానే తనంతట తాను పడవలసిన నాలుకకు తోసేది ఏదో ఒకటి ఉండి తీరాలి.

విరిగిన ముక్కలను కిరసనాయిలులో కడిగి, భూతద్దం కింద పెట్టి చూశాను. సరిగ్గా మడత దగ్గర విరిగింది. విరిగిన ముఖంలో సగం నల్లగా, తుప్పుతో ఉంది. మిగతా సగం పటికబెల్లం విరిచినట్టు బూడిదరంగులో కొత్తగా మెరుస్తోంది. నల్లటి సగం మడతకు బయటివైపు ఉంది. కమాను రెక్కలు దగ్గరికి నొక్కుకున్నప్పుడు మడత బయటి అంచు సాగుతుంది, లోపలి అంచు నలుగుతుంది. సాగే అంచున ఎప్పుడో తుప్పు ఒక గుంట చేసింది. ఉప్పుగాలి తగిలే ఊరిలో అది వింత కాదు. ఆ గుంట నుండి వెంట్రుకంత పగులు మొదలై, పిడి తిప్పిన ప్రతిసారీ కనబడనంతగా లోపలికి పాకింది. రోజుకు ఇరవై సార్లు తిప్పారనుకుంటే, ఏభై ఏళ్ళకు 3 లక్షల 65 వేల సార్లు అవుతుంది. సగం మందం పోయేదాకా మిగతా సగమే బరువంతా మోసింది, సైకిలు ట్యూబు దానికి కొంత ఆసరా ఇచ్చింది, చివరికి ఈ శీతాకాలంలో ఒక్కసారిగా తెగింది.

ఇక్కడ ఒక పక్కమాట. కమానును శుభ్రం చేయడానికి అమ్మ దానిని చింతపండు నీళ్ళలో వేయబోయింది, నేను ఆపాను. ఇత్తడి పిడులకు చింతపండు మంచిదే. ఆమె తోమాక అవి గుడి గంటల్లా మెరిశాయి. కాని గట్టిపరచిన ఉక్కును పులుపులో నానబెడితే, తుప్పుతోపాటు ఉక్కును కూడా పులుపు తింటుంది, ఆ చర్యలో పుట్టే హైడ్రోజను లోహంలోకి చొరబడి దానిని పెళుసుగా మారుస్తుంది. నిమ్మరసానికీ, వినిగరుకూ ఇదే వర్తిస్తుంది. విరిగిన ముక్కకు వచ్చే నష్టం లేదు. బాగున్న లీవరు కమాన్లు కూడా అదే గిన్నెలో పడితేనే నష్టం.

కొలతలు తీసుకున్నాను. వెడల్పు 12 మిల్లీమీటర్లు. ఒక్కొక్క రెక్క పొడవు సుమారు 50. మడత దగ్గర మందం 0.9, రెక్కల కొసల వద్ద 0.6 మాత్రమే. ఈ చివరి రెండు అంకెల తేడా చూసినప్పుడు, ఎవరో తెలియని ఆ పనివాడి మీద నాకు గౌరవం కలిగింది. మందమంతా ఒక్కలాగే ఉంటే వంపు భారమంతా మడత దగ్గరే పడుతుంది. కొసలకు పోనుపోనూ పలుచబరిస్తే రెక్క పొడవునా అంతా కొంచెం కొంచెంగా వంగి, భారాన్ని పంచుకుంటుంది. యంత్రం కోసిన రేకు కాదది, ఆకురాయితో చేత్తో అరగదీసినది. ఇంగ్లండులో విలెన్‌హాల్ పట్టణం ఇలాంటి తాళాలకు ప్రసిద్ధి. అక్కడ ఇళ్ళ పెరళ్ళలోని చిన్న చిన్న కొట్టాల్లో కుటుంబాలకు కుటుంబాలే తాళాలు చేసి బతికేవి. మా తాళం ఆ ఊరిదో కాదో చెప్పే పేరు అరిగిపోయింది కాని, ఆకురాయి గీతలు మాత్రం ఇంకా ఉన్నాయి. అవన్నీ రెక్క పొడవు వెంబడే ఉన్నాయి, అడ్డంగా ఒక్కటీ లేదు. అడ్డగీత ఒక్కటి ఉన్నా పగులు అక్కడి నుంచే మొదలవుతుందని ఆ పనివాడికి తెలుసు.

ఇక ఉక్కు వేట. ఇంట్లో ఉన్న హాక్సా బ్లేడు వెడల్పు సరిగ్గా సరిపోయింది కాని, మందం 0.63 మిల్లీమీటర్లు. రేకు కమాను బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది, మందం 0.9 నుండి 0.63కు తగ్గితే బిగువు మూడో వంతుకు పడిపోతుంది. అటక మీద ఆగిపోయిన గోడ గడియారంలోని చుట్ట కమాను మందం 0.4 మాత్రమే, దాని బిగువు పదో వంతు కూడా రాదు. పోనీ మందం ఎక్కువైతే మేలు కదా అనుకోవడానికీ లేదు. ఒకే దూరం వంగినప్పుడు, మందమైన రేకు పైపొర ఎక్కువ సాగవలసి వస్తుంది, అందుకని అది ముందే విరుగుతుంది. పైగా పిడి తిప్పడానికి మణికట్టు నొప్పి పుడుతుంది. చివరికి మా ఊరి వడ్రంగి తాత పారేసిన ఒక పాత చేతి రంపం దొరికింది. పళ్ళు అరిగి, కొస విరిగిన ఆ రంపపు రేకు మందం సరిగ్గా 1 మిల్లీమీటరు. వేలితో మీటితే ఖంగుమంది. మంచి చేతి రంపాలకు వాడే ఉక్కులో కర్బనం తగినంత ఉంటుంది కాబట్టి, కాల్చి చల్లార్చితే గట్టిపడుతుంది. 0.1 మిల్లీమీటరు అరగదీస్తే చాలు.

ఆ రేకు ముక్కను తీసుకుని ఊరి చివర కమ్మరి కొలిమికి వెళ్ళాను. అక్కడి బాబాయి కొడవళ్ళకూ, కొబ్బరి వలిచే గునపాలకూ పదును పెట్టేవాడే కాని తాళాల కమాన్లు చేసినవాడు కాదు. పాత ముక్కను అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయ్, ఇది పెద్ద పనేం కాదండి బాబూ. కాల్చడం మా వంతు, అరగదీయడం మీ వంతు" అని పని పంచేశాడు. ముందు రేకును ఎర్రగా కాల్చి, పొయ్యి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేశాడు. గాలి తగలకుండా అలా నిదానంగా చల్లారితే ఉక్కు మెత్తబడి, ఉలికీ ఆకురాయికీ లొంగుతుంది. మరునాడు దాని నుంచి ఒకటికి మూడు పట్టీలు కత్తిరించుకున్నాను. ఒక్కదానితో పని పూర్తవుతుందన్న ధీమా నాకు లేదు.

పట్టీలను అరగదీయడానికి ఒక పూటంతా పట్టింది. చెక్కదిమ్మకు రెండు మేకులు కొట్టి, వాటి మధ్య పట్టీని పరచి, మధ్య నుండి కొసలకు 0.9 నుండి 0.6కు తగ్గేలా ఆకురాయి నడిపాను. చివరన గరుకు కాగితం మూడు రకాలు మార్చి, పొడవు వెంబడే నునుపు చేశాను, అంచుల పదును కూడా గుండ్రంగా తీసేశాను. ఈ నునుపు అందం కోసం కాదు. ఒకటి, పగులు పుట్టే గీతలు ఉండకూడదు. రెండు, తరువాత రంగులు చూడాలి, మెరిసే ఉక్కు మీద మాత్రమే ఆ రంగులు కనిపిస్తాయి. మడతను చల్లగా ఉన్నప్పుడు వేయకుండా, మధ్యభాగాన్ని ఎర్రగా కాల్చి, 5 మిల్లీమీటర్ల కడ్డీ చుట్టూ వంచాము. పాత దానిలో ఆ వంపు ఇంకా ఇరుకుగా ఉంది. పెట్టెలో చోటు ఉంది కనుక నేను కొంచెం విశాలం చేశాను. మూలస్వరూపం మార్చకూడదనే వారు దీనికి ఒప్పుకోకపోవచ్చు.

గట్టిపరచడం కొలిమిలోనే జరిగింది. తాటాకు పందిరి నీడలో పని చేయడం ఎందుకో అప్పుడు తెలిసింది. ఎండలో ఎరుపు ఎంతో కంటికి ఆనదు. "దొండపండు రంగు రావాలండి, అంతకు మించితే ఉక్కు చచ్చిపోద్ది" అన్నాడు బాబాయి. నాకు ఆ కన్ను లేదు కాబట్టి, పాత రేడియో స్పీకరులోని అయస్కాంతాన్ని ఒక ఇనుప ఊచకు కట్టి తీసుకువెళ్ళాను. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది మానేసిన తరువాత మరికాస్త వేడి ఇస్తే సరిపోతుంది. ఆయన తన కంటితో చూసి సరే అన్న క్షణమూ, నా అయస్కాంతం పట్టు వదిలిన క్షణమూ దాదాపు ఒక్కటే కావడం చూసి, ఆ ఊచను మళ్ళీ వాడకుండా పక్కన పెట్టాను. కమానును నీళ్ళలో కాకుండా గోరువెచ్చటి వేరుశనగ నూనెలో ముంచాడు. ఇంత పలుచటి రేకును నీళ్ళలో ముంచితే ఒక్కసారిగా చల్లబడి మెలికపడుతుంది, లేదా చిట్లుతుంది. తీసి ఆకురాయి ఆనిస్తే గాజు మీద జారినట్టు జారింది. గట్టిపడిందని అర్థం. కాని ఆ స్థితిలో అది కమాను కాదు, గాజుముక్కే. కింద పడితే పగులుతుంది.

ఆ పెళుసుదనాన్ని తగ్గించడానికి మళ్ళీ కొద్దిగా వేడి చేయాలి. ఈ పని ఇంట్లోనే చేసుకుంటానని చెప్పి వచ్చేశాను, అక్కడే తప్పు చేశాను. మసి పోయేలా మళ్ళీ రుద్ది మెరిపించి, పొయ్యి మీద ఇనుప మూకుడు పెట్టి, అందులో సన్నటి ఏటి ఇసుక పోసి, అందులో కమానును పెట్టాను. ఇసుకలో బొరుగులు వేయించడం చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా ఉండదు. మంట నేరుగా తగిలితే ఒక చోట మాడి మరో చోట పచ్చిగా ఉండేది, ఇసుకలో వేడి సమానంగా అందుతుంది. వేడి పెరిగే కొద్దీ మెరిసే ఉక్కు మీద గాలి వల్ల ఒక పలుచటి పొర ఏర్పడుతూ, దాని మందాన్ని బట్టి రంగులు మారతాయి. 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి పసుపు, 240కి బంగారం ఛాయ, 260కి గోధుమ రంగు, 280కి నేరేడు పండు ఊదా, 300కు శంఖుపూవు నీలం. కత్తులూ ఉలులూ పసుపు దగ్గరే ఆగుతాయి. కమాను నీలం దాకా వెళ్ళాలి. నీలం దాటితే బూడిదరంగు వచ్చి బిగువు పోతుంది. బెల్లం పాకం పట్టేవారు తీగపాకానికీ ఉండపాకానికీ మధ్య ఎలా కళ్ళు తిప్పకుండా నిలబడతారో, ఇక్కడా అలాగే నిలబడాలి. ఎంత వేడిలో ఉంచామన్నదే ముఖ్యం, ఎంతసేపు అన్నది అంతగా కాదు.

నేను కళ్ళు తిప్పలేదు, కాని చూడవలసిన చోటు చూడలేదు. రెక్కలు రెండూ ఇసుకలో దిగి, మడత పైకి నిలబడేలా కమానును గుచ్చాను. రెక్కలకు చక్కటి నీలం రాగానే సంబరపడి బయటికి తీశాను. చల్లారాక పట్టకారుతో రెక్కలు మెల్లగా దగ్గరికి నొక్కగానే టిక్కుమని, పాతది విరిగిన చోటే విరిగింది. ముక్కలు వెలుగులో పెట్టి చూస్తే మడత ఇంకా ఎండుగడ్డి పసుపు దగ్గరే ఉంది. ఇసుక పైన గాలిలో ఉన్న ఆ భాగానికి వేడి చాలలేదు. ఎక్కువ శ్రమ పడవలసిన చోటే ఎక్కువ పెళుసుగా మిగిలింది. అమ్మ ఆ ముక్కలు చూసి ఏమీ అనకుండా కాఫీ తెచ్చి పెట్టింది.

రెండో పట్టీతో మళ్ళీ కొలిమికి వెళ్ళి, మొదటి నుండి అంతా చేసి, ఈసారి కమానును ఇసుకలో పక్కకు పడుకోబెట్టాను. మూకుడును కదుపుతూ, ప్రతి అర నిమిషానికీ దానిని పైకి తేల్చి మడతనే చూశాను. పొద్దున్నే, దీపం వేయకుండా, తూర్పు కిటికీ వెలుగులో చేశాను. పసుపు బల్బు కింద ఊదాకూ నీలానికీ తేడా తెలియదు. మడతకు గోధుమ రంగు వచ్చేటప్పటికి కొసలు ఊదాకు వచ్చాయి. మంట తగ్గించి, కొసలను ఇసుక పైకి లేపి, మడతను మాత్రం కప్పి ఉంచాను. మరో నిమిషానికి మొత్తం శంఖుపూవు రంగులోకి ఒదిగింది.

పెట్టెలో పెట్టే ముందు దానిని పరీక్షించాను. రెక్కల కొసల మధ్య దూరం 34 మిల్లీమీటర్లు. తాళంలో నొక్కుకునే దానికంటే కొంచెం ఎక్కువగా నొక్కి వదిలితే 33 అయింది. ఆ తరువాత ఇరవై సార్లు నొక్కినా 33 దగ్గరే నిలబడింది. మొదటిసారి ఆ ఒక్క మిల్లీమీటరు తగ్గడం మామూలే. తగ్గుతూనే పోయి ఉంటే మెత్తబడిందని, మూడో పట్టీతో మళ్ళీ మొదలుపెట్టాలని అర్థం.

పెట్టెలోని జిడ్డునంతా కిరసనాయిలుతో కడిగి, పుల్లకు గుడ్డ చుట్టి మూలలు తుడిచాను. లీవర్లను వాటి మేకు మీద నుండి తీయలేదు. వరుస మారితే తాళంచెవి పనిచేయదు, బాగున్నదానిని కదపడం దేనికి? వాటికి నూనె బదులు వడ్రంగి పెన్సిలు ములుకును గీరి తీసిన గ్రాఫైటు పొడి చల్లాను. అది దుమ్మును అంటించుకోదు. కొత్త కమాను నాలుక తోకకు రాసుకునే చోట మాత్రం ఆవగింజంత గ్రీజు పెట్టి, కమాను మొత్తానికి తుప్పు పట్టకుండా కుట్టుమిషను నూనె పలుచగా పూశాను. కమాను రెక్కలను పట్టకారుతో నొక్కి పట్టుకుని లోపల కూర్చోబెట్టి, మూత వేసి, అట్టముక్క మీది స్క్రూలను ఏ చోటివి ఆ చోట బిగించాను. సైకిలు ట్యూబు ముక్కనూ, విరిగిన కమాను ముక్కలనూ అగ్గిపెట్టెలో పెట్టి, ఆ గదిలోనే గూట్లో ఉంచాను.

తలుపుకు బిగించాక పిడి తిప్పి వదిలితే చేతిని వెనక్కి తోసుకుంటూ తన చోటికి వచ్చింది. తలుపును ఒక్క వేలితో నెట్టగానే నాలుక ద్వారబంధపు గూటి అంచు మీద జారి, లోపలికి వెళ్ళి, టక్కుమని పడింది. ఆ చప్పుడు నాకు బాగానే అనిపించింది కాని, నేను తిరిగి వచ్చేసిన వారానికి అమ్మ ఫోను చేసి, పిల్లలు మధ్యాహ్నం తలుపు వేసిన ప్రతిసారీ నిద్ర లేచిపోతున్నానని ఫిర్యాదు చేసింది. నాలుక ఏటవాలు ముఖానికి కొవ్వొత్తి మైనం రాస్తే మెత్తగా జారుతుందని, తాళం లోపల మాత్రం ఏమీ వేయవద్దని చెప్పాను. రెండు రోజుల తరువాత మళ్ళీ మాట్లాడినప్పుడు చప్పుడు తగ్గిందా అని అడిగాను.

"తగ్గిందిరా. కొవ్వొత్తి కనబడలేదు, రెండు చుక్కలు కొబ్బరి నూనె వేశాను" అంది.